వింగర్ మంచి కోచ్ అవుతాడా? వెనక్కి కూడా పరిగెత్తినవాడైతే అవుతాడు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో కుడి వింగ్‌లో ఆడుతున్నాను. మోకాలికి రెండో ఆపరేషన్ అయ్యాక పాత స్పీడ్ తిరిగి రాలేదు. కోచింగ్ వైపు వెళ్దామంటే, "మిడ్‌ఫీల్డర్లే మంచి కోచ్‌లవుతారు, గ్రౌండ్ అంచున ఆడేవాడికి ఆట మొత్తం తెలీదు" అంటున్నారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మీకు ఆ మాట చెప్పినవాళ్లు మరీ తప్పేం చెప్పలేదు. ముందు అది ఒప్పుకుందాం.

నేను పదకొండు సీజన్లు వింగ్‌లో ఆడాను, చాలావరకు రెండో డివిజన్ జట్లకి. కోచింగ్‌లోకి వచ్చి పద్నాలుగేళ్లయింది. వింగర్‌కి వీపు వెనక టచ్‌లైన్ ఉంటుంది. అటునుంచి ఎవడూ వచ్చి తగలడు. ఆటంతా మనకి ఒకే పక్కన, ఎదురుగా జరుగుతుంది. మధ్యలో ఆడేవాడికి ఆ సుఖం లేదు. బంతి కాలి దగ్గరికి వచ్చేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకోకపోతే, ఎవడో ఒకడు వచ్చి లాక్కుపోతాడు. పదేళ్లు అలా తల తిప్పుతూ ఆడినవాడికి, పక్కనున్న ఇరవై మంది ఎక్కడెక్కడున్నారో చూడకుండానే తెలిసిపోతుంది. మనకి అది కూర్చుని నేర్చుకుంటే తప్ప రాదు. కోచ్‌గా మొదటి రెండేళ్లు మ్యాచ్ చూస్తుంటే నా కళ్లు వాటంతటవే వింగ్ వైపు వెళ్లిపోయేవి. మధ్యలో నా జట్టు మునిగిపోతుంటే, నేను మాత్రం కుడి వింగర్ క్రాస్ ఎందుకు ఎత్తుగా వేశాడా అని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

కానీ వింగర్లంతా ఒకటే రకం కాదు. మీకు పనికొచ్చే తేడా అక్కడే ఉంది.

1958లో స్వీడన్‌లో ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ జట్టునే తీసుకోండి. కుడి వైపు గారించా, ఎడమ వైపు మారియో జగాలో. గారించాది వంకర కాళ్లతో వేసే ఒకటే ఎత్తు: లోపలికి వస్తున్నట్టు ఒళ్లు వంచి, బయటికి, కుడి వైపుకి దూసుకెళ్లడం. వస్తుందని ఎదుటి ఫుల్‌బ్యాక్‌కి, అంటే ఆ అంచున కాపలా కాసే డిఫెండర్‌కి తెలుసు, స్టేడియంలో అందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయేవాళ్లు. 1962లో చిలీలో పీలే గాయపడి కూర్చుంటే, బ్రెజిల్‌కి రెండో కప్పు గారించానే తెచ్చిపెట్టాడంటే పెద్దగా ఎవరూ కాదనరు.

అటువైపు జగాలోకి అంత మాయ లేదు. అతన్ని చిన్న చీమ అని పిలిచేవాళ్లు. జట్టు చేతిలోంచి బంతి పోగానే ఎడమ అంచు వెంట వెనక్కి పరిగెత్తి మధ్యలో మూడోవాడిగా నిలబడేవాడు, దొరగ్గానే మళ్లీ ముందుకి. కాగితం మీద 4-2-4 (డిఫెన్స్‌లో నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) అని రాసుకున్న జట్టు, అతను వెనక్కి రావడం వల్లే 4-3-3గా ఆడింది. అందువల్ల రెండో వైపు గారించాకి వెనక్కి రావాల్సిన పని తప్పింది. అలాగని జగాలో ఊరికే పరిగెత్తే మనిషి కాదు, 1958 ఫైనల్లో స్వీడన్ మీద 5-2తో గెలిచినప్పుడు నాలుగో గోల్ అతనిదే.

ఇద్దరిలో గొప్ప ఆటగాడు ఎవరంటే గారించా, అందులో సందేహం లేదు. కోచ్ అయింది జగాలో. ఇదేదో కాకతాళీయం అని నేననుకోను. గారించాని "ఎలా చేశావు?" అని అడిగితే ఏం చెప్తాడు పాపం? జగాలో మాత్రం ప్రతి నిమిషం ఒక లెక్క వేసుకుంటూ ఆడాడు. ఇప్పుడు వెళ్లాలా, ఉండాలా, నేను వెళ్తే నా చోటు ఎవరు కాస్తారు? కోచ్ బోర్డు ముందు నిలబడి వేసే లెక్క కూడా అదే.

1970 మార్చిలో, ప్రపంచకప్‌కి మూడు నెలలు కూడా లేనప్పుడు, అప్పటి కోచ్ జొవావ్ సల్దాన్యాని తీసేసి జగాలోకి జట్టు ఇచ్చారు. చేతిలో పీలే, జెర్సన్, టోస్టావ్, రివెలినో, జైర్జిన్యో ఉన్నారు. ఎవరికి వాళ్లే తమ క్లబ్‌లో ఆట నడిపించేవాళ్లు. వాళ్లందరినీ ఒకే జట్టులో ఎలా ఇరికిస్తావని అడిగినవాళ్లే ఎక్కువ. అతను రివెలినోని ఎడమ వైపు పెట్టి, అవసరమైనప్పుడు మధ్యలోకి జరగమన్నాడు. పన్నెండేళ్ల కిందట తాను చేసిన పనే అది. మిడ్‌ఫీల్డర్ పియాజాని డిఫెన్స్ మధ్యలోకి దింపాడు. ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ గెలిచారు.

ఫైనల్లో ఇటలీ మీద కొట్టిన నాలుగో గోల్ వీడియో మీరు చూసే ఉంటారు. ఈసారి బంతిని వదిలేసి జైర్జిన్యోని మాత్రమే చూడండి. అతను కుడి వింగర్. ఆ గోల్ అప్పుడు ఎడమ అంచున ఉన్నాడు! ఇటలీ మనిషికి మనిషిని కాపలా పెట్టి ఆడేది. జైర్జిన్యోకి కాపలా ఫక్కెట్టి, అంటే ఇటలీ ఎడమ బ్యాక్. జైర్జిన్యో అటు పోయేసరికి ఫక్కెట్టి కూడా తన చోటు వదిలి వెంటబడ్డాడు. బంతి క్లొదొవాల్దో నుంచి రివెలినోకి, అతని నుంచి జైర్జిన్యోకి, అక్కణ్ణుంచి పీలేకి వచ్చింది. పీలే ఒక్క క్షణం ఆగి, చూడకుండానే కుడి వైపు ఖాళీలోకి తోశాడు. ఆ ఖాళీలోకి వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో. అంతే. బంతి ముట్టకుండా, ఉన్న చోటు ఖాళీ చేయడం కూడా వింగర్ పనే అని తెలిసినవాడి జట్టు వేసిన గోల్ అది. ఆటగాడిగా, కోచ్‌గా రెండు రకాలుగానూ ప్రపంచకప్ గెలిచిన మొదటి మనిషి జగాలో. బెకెన్‌బావర్, డెషాంప్ ఆ తర్వాత వచ్చారు.

కాబట్టి ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. ఈ తొమ్మిదేళ్లలో మీ వెనకున్న రైట్‌బ్యాక్‌లు మీ గురించి ఏమనేవాళ్లు? "వీడుంటే నాకు ధైర్యం" అనేవాళ్లా, లేక "వీడు రాడు, ఇద్దరినీ నేనే చూసుకోవాలి" అనేవాళ్లా? మొదటిదైతే మీకు సగం చదువు అయిపోయినట్టే. రెండోదైతే కుదరదని కాదు గానీ, చాలా కష్టపడాలి.

ఇంకో సంగతి. వింగర్‌కి ఉన్న ఒక లాభాన్ని ఎవరూ చెప్పరు. గ్రౌండ్‌లో పదకొండు మందిలో కోచ్ మాట సరిగ్గా వినపడేది డగౌట్ (కోచ్ ఉండే చోటు) వైపు ఆడే వింగర్‌కి, ఆ పక్క ఫుల్‌బ్యాక్‌కి మాత్రమే. ఒక హాఫ్ అంతా నేను కోచ్ కాళ్ల దగ్గరే పరిగెత్తేవాణ్ణి, రెండో హాఫ్‌లో ఆ తిట్లు ఎడమ వింగర్ తినేవాడు. అలా ఏడుగురు కోచ్‌ల మాటలు నలభై అయిదేసి నిమిషాల చొప్పున విన్నాను. అందులో నాకు నిజంగా పనికొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "వెనక మనిషి!", "టైముంది!", "లోపలికి రా!" లాంటివి. మిగతాదంతా అతని టెన్షన్. "ఏం చేస్తున్నావ్ రా" అంటే నేనేం చేయాలో నాకెలా తెలుస్తుంది?

కోచ్ అయ్యాక అది నాకు బాగా కలిసొచ్చింది. డిఫెన్స్ మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్‌కి చెప్పాల్సింది మ్యాచ్‌లో అరిచి చెప్పలేనని నాకు ముందే తెలుసు. అది వారం మధ్యలో ప్రాక్టీస్‌లోనే చెప్పేయాలి. హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలంటారు గానీ, లోపలికి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, కట్లు మార్చుకుని, మళ్లీ బయటికి వెళ్లేసరికి మీకు మిగిలేది అయిదారు నిమిషాలు. రెండు విషయాలు చెప్తే గుర్తుంటాయి. మూడోది చెప్తే మొదటిది మర్చిపోతారు.

ఇక నేను చేసిన తప్పు. మొదటి ఉద్యోగం ఒక క్లబ్‌లో అండర్-17 జట్టు. అందులో ఒక కుర్రాడు, అచ్చం నాలాగే కుడి వింగర్, మంచి స్పీడ్. ఫుల్‌బ్యాక్‌ని దాటడం నేర్పిద్దామని పక్కకి తీసుకెళ్లాను. భుజం దించి, బంతి తోసి, దాటాను. "చూశావా?" అన్నాను. చూశానన్నాడు. అతను చేస్తే బంతి పోయింది. మళ్లీ చేసి చూపించాను. మళ్లీ పోయింది. అలా అరగంట. చివరికి ఆ పిల్లాడి మొహంలో భయం మొదలైంది, నా గొంతులో విసుగు. పక్క గ్రౌండ్‌లోంచి చూస్తున్న పెద్ద కోచ్ ఒకాయన వచ్చి, "నువ్వు దాటేటప్పుడు ఎటు చూస్తావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్లు చేసిన పని, ఎటు చూస్తానో నాకే తెలీదు!

ఆ రాత్రి నా పాత మ్యాచ్‌ల వీడియోలు పెట్టుకుని, ఆపి ఆపి చూశాను. దాటిన ప్రతిసారీ, ఫుల్‌బ్యాక్ ముందు కాలి మీద బరువు పడ్డ క్షణంలోనే బంతి తోశాను. అడుగు నేలకి ఆనగానే ఆ కాలు ఇక కదలదు, కాబట్టి ఆ కాలి పక్కనుంచే పోవాలి. భుజం దించడమనేది అతని చేత ఆ అడుగు వేయించడానికే. నేను పిల్లాడికి చూపించింది భుజం. చెప్పాల్సింది అవతలివాడి కాలి గురించి. మర్నాడు బంతి లేకుండా, ఊరికే ఎదురుగా నిలబెట్టి, "నా బరువు ఏ కాలి మీద పడితే ఆ పేరు చెప్పు, కుడి, ఎడమ" అంటూ ఆడించాను. పది నిమిషాల్లో పట్టేశాడు. బంతితో రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది, అది వేరే సంగతి.

మీరు కూడా మీ వీడియోలతో మొదలుపెట్టండి. బాగా ఆడిన పది సందర్భాలు తీసి, ఒక్కోదాని గురించి ఒక వాక్యం రాయండి: నేనేం చూశాను, అందుకే ఏం చేశాను. రాయలేకపోతే ఆ విద్య మీ కాళ్లలో ఉంది, నోటికి ఇంకా రాలేదని అర్థం.

మీ మోకాలి సంగతి చదివాక నాకు స్టీవ్ కొప్పెల్ గుర్తొచ్చాడు. మాంచెస్టర్ యునైటెడ్ కుడి వింగర్. యూనివర్సిటీలో ఎకనామిక్ హిస్టరీ చదువుతూనే ఆడాడు. ఇంగ్లండ్‌కి 42 మ్యాచ్‌లు, యునైటెడ్‌కి ఒక దశలో వరసగా 200 పైచిలుకు. అలుపు లేకుండా పైకీ కిందకీ పరిగెత్తే రకం, మళ్లీ చీమ జాతే. 1981 నవంబర్‌లో వెంబ్లీలో హంగరీతో మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలింది. ఎలాగో 1982 ప్రపంచకప్ ఆడాడు గానీ, 1983లో 28 ఏళ్లకే ఆపేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, ఇంకా 29 నిండకుండానే, రెండో డివిజన్‌లో డబ్బుల్లేక ఈడుస్తున్న క్రిస్టల్ ప్యాలెస్‌కి మేనేజర్ అయ్యాడు.

వింగర్ కదా, దాడి దాడి అంటాడనుకుంటాం. అతను చేసింది వేరు. పెద్ద క్లబ్‌లు పట్టించుకోని ఆటగాళ్లని చిన్న లీగుల్లోంచి వెతికి తెచ్చాడు. ఇయాన్ రైట్ అలా వచ్చినవాడే. అయిదేళ్లకి పై డివిజన్‌కి ఎక్కారు. ఎక్కిన కొత్తలోనే, 1989 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ చేతిలో 9-0తో ఓడిపోయారు. లివర్‌పూల్‌లో ఎనిమిది మంది వేరువేరుగా గోల్స్ వేశారు. మామూలు మనిషైతే ఆ రాత్రే సంచీ సర్దుకుంటాడు. కొప్పెల్ గోల్‌కీపర్ని మార్చాడు. బ్రిటన్‌లో పది లక్షల పౌండ్లు పలికిన మొదటి గోల్‌కీపర్ నైజెల్ మార్టిన్‌ని తెచ్చుకున్నాడు. ఏడు నెలల తర్వాత ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్లో మళ్లీ అదే లివర్‌పూల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3తో ప్యాలెస్ గెలిచింది, చివరి గోల్ కార్నర్ నుంచి వచ్చింది. ఫైనల్ యునైటెడ్‌తో 3-3, రీప్లేలో 1-0తో ఓడారు. తర్వాతి సీజన్లో లీగ్‌లో మూడో స్థానం.

అదే మనిషి 1996లో మాంచెస్టర్ సిటీలో 33 రోజులే ఉన్నాడు. ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానని చెప్పి వదిలేశాడు. ఆరు మ్యాచ్‌లు! నేనైతే దీన్ని ఓటమి కింద లెక్కపెట్టను. ఎందుకంటే అదే మనిషి 2005-06లో రెడింగ్‌ని 106 పాయింట్లతో ఛాంపియన్‌షిప్ (ఇంగ్లండ్‌లో రెండో డివిజన్ పేరు) గెలిపించి, ఆ క్లబ్ చరిత్రలో మొదటిసారి పై డివిజన్‌కి తీసుకెళ్లాడు. మరుసటి ఏడు ప్రీమియర్ లీగ్‌లో ఎనిమిదో స్థానం. ఆ రెడింగ్ జట్టులో రెండు అంచులా అసలైన వింగర్లుండేవాళ్లు. ఇద్దరూ వెనక్కొచ్చేవాళ్లు, వేరే చెప్పక్కర్లేదు.

ఇండియన్ సూపర్ లీగ్ చూసేవాళ్లకి కూడా అతను తెలుసు. 2016లో కేరళ బ్లాస్టర్స్‌కి వచ్చాడు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు. జనం విసుక్కున్నారు. అతను ముందు డిఫెన్స్ సర్దుకున్నాడు, డిసెంబర్ కల్లా జట్టు ఫైనల్లో ఉంది. అక్కడ పెనాల్టీల్లో ఓడింది. తర్వాత జంషెడ్‌పూర్ కొత్త జట్టు, ఆ తర్వాత ఏటీకే. అతని జట్లు చూడ్డానికి మహా అందంగా ఉంటాయని నేను చెప్పను. పోగొట్టుకోకూడని చోట బంతి పోగొట్టుకునేవి కావు, అంతే.

మీకు ఆడుతూనే కోచ్ అయిపోవాలని ఉంటే, దానికీ ఉదాహరణ ఉంది. 2014లో యునైటెడ్ వింగర్ ర్యాన్ గిగ్స్ 40 ఏళ్ల వయసులో నాలుగు మ్యాచ్‌లకి యునైటెడ్ తాత్కాలిక మేనేజర్‌గా ఉండి, హల్‌తో మ్యాచ్‌లో తనని తానే సబ్‌స్టిట్యూట్‌గా దింపుకున్నాడు. ముచ్చటగా ఉంటుంది గానీ అందరికీ కుదిరే దారి కాదు. ఒకేసారి జట్టు గురించీ, మీ మోకాలి గురించీ ఆలోచిస్తే రెండూ చెడతాయి. దానికంటే సెర్జియో కొన్సెసావ్ దారి నాకు నచ్చుతుంది. యూరో 2000లో జర్మనీ మీద హ్యాట్రిక్ కొట్టిన పోర్చుగల్ వింగర్. రిటైరయ్యాక నేరుగా పెద్ద క్లబ్‌కి పోలేదు. అసిస్టెంట్‌గా చేసి, 2012లో ఒలానెన్స్ అనే చిన్న క్లబ్‌తో మొదలుపెట్టి, ఇంకో నాలుగు క్లబ్‌లు తిరిగాక 2017లో పోర్టోకి వచ్చాడు. అక్కడ మూడు లీగ్ టైటిళ్లు.

లైసెన్స్ సంగతి క్లుప్తంగా చెప్తాను, వివరాలు మీ ఫెడరేషన్ వాళ్లే ఇస్తారు. యూరప్‌లో యూఈఎఫ్‌ఏ, ఆసియాలో ఏఎఫ్‌సీ, రెండింటిలోనూ మెట్లు సీ, బీ, ఏ, ప్రో. పై స్థాయి లీగుల్లో హెడ్ కోచ్‌కి ప్రో అడుగుతారు. మాజీ ప్రొఫెషనల్స్‌కి కొన్ని ఫెడరేషన్లు త్వరగా అయ్యే కోర్సులు పెడతాయి, ఉందేమో కనుక్కోండి. ఒక్క విషయం మాత్రం చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు: ఈ కోర్సులు క్లాసులో కూర్చుంటే అయిపోయేవి కావు. మీరు నడిపే ప్రాక్టీస్‌ని వచ్చి చూసి మార్కులేస్తారు. అంటే నడపడానికి మీ చేతిలో ఒక జట్టు ఉండాలి. అండర్-13 అయినా సరే. అది ముందు చూసుకోండి, ఫారం తర్వాత నింపొచ్చు. జీతం మొదట్లో మీరు ఆడేటప్పటి దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

మీకు తెలియని సగం గ్రౌండ్ సంగతి మిగిలింది. నేను రెండు పనులు చేశాను. మొదటిది, గోల్ వెనక నుంచి మ్యాచ్‌లు చూడటం. టీవీ కెమెరా పక్కనుంచి చూపిస్తుంది, వింగర్‌గా మనం చూసినట్టే. గోల్ వెనక నిలబడితే ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య ఎంత దూరం ఉందో, మిడ్‌ఫీల్డర్ దాన్ని ఎప్పుడు పూడుస్తున్నాడో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. రెండోది కాస్త సిగ్గుచేటు వ్యవహారం. 38 ఏళ్ల వయసులో, ప్రాక్టీస్‌లో కుర్రాళ్లతో అయిదుగురేసి ఆటలో మధ్యలో ఆడాను. మొదటి రోజు వెనకనుంచి బంతి ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. పదిహేడేళ్లవాడొకడు "సార్, వెనక చూసుకోండి" అని నాకే నేర్పాడు. నెల తిరిగేసరికి తల తిప్పడం అలవాటైంది. మీరు మోకాలితో అంత సాహసం చేయకండి, ఫిజియో ఒప్పుకుంటే నడకతో ఆడే ఆటలో నిలబడి చూడండి, లేదంటే మీ జట్టు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ పక్కన కూర్చుని అతని మ్యాచ్ వీడియోని అతని చేతే చెప్పించుకోండి.

మీ కాంట్రాక్ట్ ఇంకా ఎన్ని నెలలుందో రాయలేదు. ఏడాది ఉన్నా, క్లబ్ అకాడమీలో వారానికి రెండు సాయంత్రాలు అడగండి. కోన్‌లు సర్దే పని ఇచ్చినా ఒప్పుకోండి. ఏ డ్రిల్‌కి కోన్‌ల మధ్య ఎంత ఎడం ఎందుకు పెడతారో అడిగి తెలుసుకోండి. మీ మొదటి ప్రాక్టీస్ నడిపాక ఎలా జరిగిందో రాస్తే, ఎక్కడ మార్చుకోవాలో చూసి చెప్తాను.